ఉంగరపు వేలు

మార్చి 3, ఆదివారం

మధ్యాహ్నం మా బ్యాండ్‌తో కలిసి వాయించే జామ్ సెషన్‌కి కొత్త పిల్లలు చాలామందే వచ్చారు. అందరికీ వేగం పిచ్చి. వేసవి జాజ్ కచేరీలో నాతోపాటు వాయించడానికి ఇంకో పియానిస్టుని వెతికే పని తమ్ముడు నా నెత్తిన పెట్టాడు. బ్యాండ్ వాడిది, డ్రమ్స్ వాడివి, చాకిరీ నాది.

చివర్లో ఆకుపచ్చ స్వెటర్ వేసుకున్న బక్కపిల్ల ఒకతి వచ్చింది. లోపలికి రావడానికే మొహమాటం. పియానో ముందు కూర్చున్నాక ఆ మొహమాటం ఎటు పోయిందో ఏమో! ఇన్నేళ్ళలో ఇలాంటి చెయ్యి నేను వినలేదు.

మార్చి 5

ఎడమచేత్తో వరసగా కింది స్వరాలకి దిగేటప్పుడు ఆ పిల్ల ఒక స్వరం వదిలేస్తోంది. ప్రతిసారీ అదే చోట. అక్కడ చిన్న ఖాళీ, ఎంతో బాగుంది.

ఆ ఖాళీ నాకు తెలుసు.

మార్చి 6, తెల్లవారుజామున

ఇక్కడైనా రాసేస్తాను. నా ఎడమచేతి ఉంగరపు వేలు చచ్చుబడుతోంది. నరం పాడైందని, వాయించడం మానెయ్యమని డాక్టరు నిరుడే చెప్పాడు. తమ్ముడికి చెప్పలేదు. చెబితే నా కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతాడు. ఆ కుర్చీ లేకపోతే నేనేం చేసుకోను? వేలు పలకని చోట స్వరం పోతుంది. కావాలనే ఆగినట్టు నటిస్తాను. రికార్డింగ్ విన్నవాళ్ళు కొత్త స్టైల్ అన్నారు.

మార్చి 10, ఆదివారం

ఎవరి దగ్గర నేర్చుకున్నావని ఆ పిల్లని అడిగితే, మీ దగ్గరే అక్కా అంది. అంతా నా వీడియోలు చూసేనట. ఆ ఖాళీ ఒక్కటే చాన్నాళ్ళు కుదరలేదట, వేలు ఊరుకునేది కాదట. ఇప్పుడు కుదిరిందట. ఎలాగో చెప్పలేదు. స్వెటర్ చేతులు వేళ్ళ మీదికి లాక్కుంది.

మా అక్క మళ్ళీ పుట్టింది అన్నాడు తమ్ముడు. నేనింకా పోలేదు కదరా అన్నాను. అందరూ నవ్వారు.

మార్చి 17, ఆదివారం

కాఫీ కప్పులు పొగలు కక్కుతున్నాయి. అందరం అంచు పట్టుకుని ఊదుకుంటున్నాం. ఆ పిల్ల ఎడమచేతి ఉంగరపు వేలు కప్పుకి అంటుకుని అలాగే ఉంది. తనకి తెలియడం లేదు.

చెయ్యి లాగి చూశాను. బొబ్బ. వేలి మొదట్లో చుట్టూ నల్లగా కమిలింది. ఇంట్లో టేపుతో బిగించి కట్టుకుని సాధన చేస్తుందట. తిమ్మిరెక్కితే స్వరం దానంతటదే పోతుందట. ఎంత సంబరంగా చెప్పిందో!

తమ్ముడు పక్కనే ఉన్నాడు. మందు రాసుకో అని మాత్రం అన్నాను.

మార్చి 18

భయంగా ఉంది. నాకోసం కాదు.

మార్చి 21

రిహార్సల్ ఆపించి చెప్పేశాను. అది స్టైల్ కాదు, జబ్బు అని. నమ్మరేమోనని అందరి ముందూ నా వేలికి సూది గుచ్చి చూపించాను. నెత్తురు వచ్చింది, నొప్పి రాలేదు.

తమ్ముడు నా మొహం చూడలేదు. వేసవి కచేరీలో పిల్లే వాయిస్తుందిలే అన్నాడు. ముందు దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళరా అని అరిచాను. ఏడ్చాను కూడా.

పిల్ల సూదినే చూస్తోంది, కళ్ళప్పగించి. అక్కా, మీరు నొప్పి కూడా తెలియనంతదాకా వెళ్ళారా అని అడిగింది.

మార్చి 26

పిల్ల ఫోన్ ఎత్తడం లేదు. కొత్త వీడియో పెట్టింది. వేలికి టేపు ఎలా చుట్టాలో, ఎంత బిగించాలో చూపిస్తోంది. అక్క నేర్పిన విద్య అని కింద రాసింది. వేలమంది చూశారు.

మార్చి 31, ఆదివారం

కొత్త పిల్లలు నలుగురు వచ్చారు. నలుగురి ఉంగరపు వేళ్ళకీ టేపు.

చాలా బాగా వాయించారు.