ఒకే తమ్ముడు, రెండు వ్యాసాలు

అమ్మకు, నేను కులాసా. కంగారు పడకు.

కాలేజీలో సీటు రాలేదు. దరఖాస్తుతో పంపే వ్యాసంలో చెవులు వినపడని మన తమ్ముడి గురించి రాశాను. వాడి కోసం నేను చేతులతో మాట్లాడడం నేర్చుకున్నదీ, కరెంటు పోతే వాడి అరచేతిలో వేలితో రాసి కబుర్లు చెప్పిందీ అంతా రాశాను. తప్పులు దిద్దమని నా గదిలోనే ఉంటున్న పెద్దమ్మ కూతురికి ఇచ్చాను. ఇంటర్వ్యూలో మేడమ్, "ఇదే తమ్ముడు ఇంకో అమ్మాయికి కూడా ఉన్నాడే! ఎవరిది చూసి రాశావు?" అని అడిగింది. గదికొచ్చి అక్కను నిలదీస్తే, జడ అల్లుకుంటూ, "నీ తమ్ముడు నాకు మాత్రం తమ్ముడు కాడా?" అంది. సీటు తనకొచ్చింది. ఇన్నేళ్లలో వాడితో చెయ్యి కదిపి ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు.

పెద్దమ్మ సంబరంగా చెబితే విని ఊరుకో, గొడవ పెట్టుకోకు. నా మార్కుల కాగితాలు ఇంకోసారి జిరాక్సు తీయించి పంపు, వేరే కాలేజీకి పెట్టాలి. వంటింటి కప్పు కారడం ఆగిందా? నాన్న దగ్గు ఎలా ఉంది? ఆయనకు నా నమస్కారాలు. నేను బాగున్నానని తమ్ముడికి చెప్పు. నవ్వుతూ చెప్పు, వాడు నీ చేతులకంటే ముందు నీ ముఖం చూస్తాడు.