షెల్బీ కోటు కుడి జేబు

ముందుగా, ఈ పత్రం రాయవలసి వచ్చిన క్రమం.

1. పోయిన శరదృతువులో మా అన్న డెల్మర్ తన చిన్న రివాల్వర్‌ను ఒర లేకుండా, తాళంచెవులతో కలిపి కోటు జేబులో వేసుకుని మా వంటింటికి వచ్చాడు. ట్రిగ్గర్ తేలిగ్గా కదలాలని స్ప్రింగును స్వయంగా మార్చుకున్నాడు. ఒక తాళంచెవి ట్రిగ్గర్ చట్రంలో దూరింది. పైకి తీస్తుండగా పేలింది. కుక్క నీళ్లగిన్నె పగిలి, తూటా నేలచెక్కలో దిగింది. అక్కడ కూర్చున్న నా కూతురు షెల్బీ అప్పుడే ఉప్పు కోసం లేచింది. "ఏం కాలేదులేరా, నేలేగా!" అన్నాడు డెల్మర్.

2. జనవరిలో నా కాలేయం ఇక బాగుపడదని వైద్యులు చెప్పారు.

3. పోయిన ఆదివారం భోజనాల దగ్గర, నా తర్వాత నా రివాల్వర్ ఎవరిదని వాదన వచ్చింది. "పిల్లకెందుకురా? ఆడవాళ్ల బట్టలకు జేబులే ఉండవు," అన్నాడు డెల్మర్. "జేబుల మాట నువ్వెత్తకు పెదనాన్నా! నిన్ను చూస్తే మా కుక్క ఇంకా బల్లకింద దూరుతోంది," అంది షెల్బీ. నవ్వాను. నవ్వితే ఇప్పుడు నొప్పి.

కాబట్టి, కెంటకీలోని లారెల్ వాగు ఒడ్డున తోలుపనీ తుపాకుల మరమ్మతూ చేసి బతికిన వెండెల్ రే స్టిడమ్ అను నేను, వయస్సు నలభై ఆరు, బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకుముందు రాసినవి చెల్లవు. అలసిపోయిన మాట నిజమే. దాన్ని మతిచలనమని ఎవరూ వాదించరాదు.

ఒకటి. ఇల్లు, దుకాణం, ట్రక్కు నా భార్య నోరీన్‌కు సర్వహక్కులతో చెందాలి. ఈ వీలునామా అమలుకర్త కూడా ఆమే. తోలుముక్కలు పారేయమని ఏళ్ల తరబడి పోరింది. ఇక పారేయవచ్చు.

రెండు. డెల్మర్‌కు అతని రివాల్వర్‌కు సరిపోయే అసలు గట్టి స్ప్రింగు, ఒక జేబు ఒర చెందాలి. తుపాకి తీసినప్పుడు ఒర కూడా వెంట రాకుండా జేబుగుడ్డను పట్టుకుని ఉండేందుకు తోలు గరుకువైపు బయటికి పెట్టి కుట్టాను. ఆ స్ప్రింగు బిగించేదాకా అతన్ని వంటింట్లోకి రానివ్వకుండా ఆపే అధికారం నోరీన్‌కు ఇస్తున్నాను. చిన్నప్పుడు వాగులో కొట్టుకుపోతున్న నన్ను జుట్టుపట్టి లాగింది అతనే. అదీ ఇక్కడ నమోదు కావాలి.

మూడు. నా అయిదు తూటాల రివాల్వర్ షెల్బీకి చెందాలి. ఇళ్లకు వెళ్లి మంచాన పడ్డవాళ్లకు సేవచేసే నర్సు ఆమె. ఆమె తిరిగే లోయల్లో ఫోను పలకదు. జేబు అస్తరుకు తగులుకోకుండా తూటాను కొట్టే హామర్ వెనక పొడుచుకొచ్చిన కొమ్మును కోసి నునుపు చేశాను. గుడ్డను పట్టేసే రబ్బరు పిడి తీసి, ఆమె చేతికొలతకు వాల్‌నట్ చెక్క పిడి వేశాను. స్ప్రింగు మాత్రం ముట్టుకోలేదు. ట్రిగ్గర్ బరువుగా ఉందంటుంది. ఉండనీ. మనసు మార్చుకోవడానికి ఆ బరువే వ్యవధి.

జేబుల విషయంలో డెల్మర్ చెప్పింది కొంత నిజమే. అందుకే ఆమె గోధుమరంగు కోటు కుడి జేబును నోరీన్ విప్పి, లోతు పెంచి, మందపాటి గుడ్డతో తిరిగి కుట్టింది. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే ఒర అందులో ఉంది. ఆ జేబులో మరేదీ ఉండరాదు: తాళంచెవి, పిప్పరమెంటు, సూదిమూత, ఏదీ. ఇది షరతు.

నాలుగు. తుపాకి పట్టుకు తిరగడం ఇష్టం లేదని షెల్బీ ఎప్పుడు అనుకున్నా, దాన్ని తల్లి దగ్గరున్న ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేయవచ్చు. కారణం ఎవరూ అడగరాదు. పిరికిదని అనరాదు, ముఖ్యంగా డెల్మర్. ఒర తీసేసి జేబులో చెయ్యి పెట్టుకుంటే అడుగున మెత్తటి గొర్రెబొచ్చు తగులుతుంది. అది నేను వేసిందే. తుపాకి కోసం కాదు.

తేదీ: 2019 మార్చి 9, శనివారం. సమయం: మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు.

సాక్షులు, నా ఎదుటే సంతకం చేసినవారు:
హోబర్ట్ కాడిల్, పొరుగువాడు
ఐమోజిన్ ప్రాటర్, తపాలా ఉద్యోగి

(సంతకం)
వెండెల్ రే స్టిడమ్