పాయింట్ త్రీ టూ రివాల్వరు, కృష్ణప్ప సంగతి

హోసూరు,
ఆదివారం మధ్యాహ్నం

అక్కకు,

నీ చెల్లెలు నాగరత్న నీ కాళ్లకు మొక్కి రాసుకుంటున్న ఉత్తరం. నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు, బావ, మీ అత్తమ్మ అందరూ బాగున్నారనే అనుకుంటున్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అంచెట్టి ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రలు రెండు రోజులు వేసుకుని మానేసి ఉంటావు, నాకు తెలుసు. ఎర్రావు ఈనిందా? ఫోన్ చేస్తే మీ కొండలో సిగ్నలు అందదు, అందినా సగం మాటలే వినపడతాయి. ఈసారి చెప్పాల్సిన సంగతి సగం వింటే తప్పుగా అర్థమవుతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఇక్కడ పదిహేను రోజులుగా ముసురు. పొద్దున ఎనిమిదైనా స్వెటరు విప్పబుద్ధి కాదు. పోలీసు ఫోర్సులో ఇరవై ఏళ్లు ఎక్కడెక్కడో చలిలో ఉన్నాను కానీ, ఒంటరి గదిలో చలి వేరుగా ఉంటుంది. క్యాంపులో పక్క మంచం మీద ఎవరో ఒకరు దగ్గుతూ ఉండేవాళ్లు. ఇక్కడ దగ్గినా నేనే, ఎవరని అడిగినా నేనే. బెంగ పెట్టుకోకు, అలవాటవుతోంది. ఇంటి ఓనరమ్మ మంచిది. మొన్న అనపగింజలు పితికి పితికిపప్పు పులుసు చేసి గిన్నె నిండా పంపింది. రాగిముద్ద నేనే కెలుక్కున్నాను. అంగడి పిండి, ఎంత కెలికినా గడ్డలే. నువ్వు విసిరించిన రాగిపిండి ఎవరైనా వస్తుంటే ఒక సంచి పంపు, వీలైతే ఉలవలు కూడా.

నీ పోయిన ఉత్తరంలో అడిగావు: "నువ్వు తుపాకి కట్టుకొని తిరుగుతా ఉండావని ఊర్లో చెప్పుకుంటా ఉండారు, నిజమేనా? ఎంత పెద్దది?" అని. నిజమే అక్కా. పెద్దది కాదు. నా అరచేతి కన్నా కొంచెం పొడుగు, అంతే. ఎందుకు, ఏది, ఎలా తీసుకున్నానో చెబుతాను. ఆ తర్వాత ఇంకో సంగతి ఉంది, అసలు సంగతి అదే.

నేను పనిచేసే పద్మావతమ్మ సంగతి నీకు కొంచెం తెలుసు. భర్త పోయాక బేరిగై దాటాక ఉన్న గులాబీ తోట ఆమె ఒక్కతే చూసుకుంటోంది. ప్లాస్టిక్కు కప్పిన పాలీహౌసులు ఆరు, పనివాళ్లు ముప్పై మంది, అందులో ఎక్కువ మంది ఆడవాళ్లు. చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వస్తుండడంతో ఆ భూమి మీద ఒక బ్రోకరు కన్ను పడింది. ఆమె అమ్మనంది. మొదట ఫోన్లలో బెదిరించారు, తర్వాత ఒక పాలీహౌసు ప్లాస్టిక్కు కోసేశారు, ఆ తర్వాత కారు అద్దం పగలగొట్టారు. ఫోర్సు నుంచి పెన్షన్ తీసుకుని వచ్చిన ఆడది కావాలని ఆమె వెతికింది. నేను దొరికాను.

లైసెన్సు కోసం కృష్ణగిరి కలెక్టరాఫీసుకు ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. పోలీసులు మా వీధిలో ఎంక్వయిరీ చేశారు. డాక్టరు కళ్లూ తలా చూసి సర్టిఫికెట్ ఇచ్చాడు. తుపాకి జాగ్రత్తగా వాడడం వచ్చని షూటింగు క్లబ్బు నుంచి కాగితం తెమ్మన్నారు. ఇరవై ఏళ్లు అదే పని చేసినదాన్ని, మళ్లీ చిన్నపిల్లలా పరీక్ష రాశాను. చివరికి చేతికొచ్చింది.

పద్మావతమ్మా నేనూ బెంగుళూరులో తుపాకులు అమ్మే అంగడికి వెళ్లాము. అంగడాయన ముసలివాడు, మన కోలారు వైపు మాటే. సర్వీసులో నాకు అలవాటైన తొమ్మిది ఎం.ఎం. పిస్తోలు అడిగాను. ఆయన నవ్వాడు.

"అది సర్కారోళ్లకేనమ్మా. మనట్లాంటోళ్లకు ఇయ్యరు. పాయింట్ టూ టూ ఉండాది, పాయింట్ త్రీ టూ ఉండాది. త్రీ టూలో పిస్తోలు కావాల్నా, రివాల్వరు కావాల్నా చెప్పు."

మూడూ బల్ల మీద పెట్టాడు. పద్మావతమ్మ చేతులు కట్టుకుని చూసింది. "వీటికన్నా పెద్దది లేదాప్పా? చూస్తేనే గుండె జారిపోవాల," అంది.

"ఎవరూ చూడకూడదమ్మా," అన్నాను నేను. "నా దగ్గర ఉండాదని ఎవరికీ తెలీకూడదు. తెలిస్తే ముందు నన్నే కొడతారు, తర్వాత మీ మీదికి వస్తారు."

ఆమెకు ఆ మాట నచ్చలేదు కానీ ఊరుకుంది.

అక్కా, తూటా ఎంత లావుంటే అంత మంచిదని అందరూ అనుకుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అడవిలో డ్యూటీ చేసేటప్పుడు ఎదుటివాడి వెనక చెట్లుంటాయి. ఇక్కడ ఎవరి వెనక చూసినా మనుషులే. బేరిగై సంతలో టమాటా బుట్టలు దించేవాళ్లు, హోసూరు బస్టాండులో పిల్లల్ని చంకనేసుకున్నవాళ్లు, తోటలో పూలు కోసేవాళ్లు. తగలాల్సినవాడికి తగిలి, అంతటితో ఆగని తూటా నాకు వద్దు. తొమ్మిది ఎం.ఎం. ఇవ్వరని తెలిసినప్పుడు మొదట బాధపడ్డాను, ఇంటికి వచ్చి ఆలోచిస్తే నిమ్మళమనిపించింది.

మరీ చిన్నదైన టూ టూ కూడా వద్దనుకున్నాను. చేతికి తేలిక, అదురు ఉండదు, గురి బాగా కుదురుతుంది. కానీ ఆ సన్న తూటాల్లో అప్పుడప్పుడు ఒకటి పేలకుండా ఉండిపోతుంది. క్లబ్బులో పేల్చి చూసిన రోజు నాకే రెండు అలా అయ్యాయి.

ఇక మిగిలింది త్రీ టూ. అందులో పిస్తోలు నా మనసు లాగింది. పలకలా పలచగా ఉంటుంది, కుర్తా కింద అసలు కనపడదు, తూటా ఒకటి ఎక్కువ పడుతుంది. రివాల్వరుకు మధ్యలో ఆ గుండ్రటి పొట్ట ఉంటుంది, నడుముకు ఒత్తుకుంటుంది. కానీ పిస్తోలులో తూటా ఇరుక్కుంటే రెండో చెయ్యి పెట్టి వెనక్కి లాగాలి. నా రెండో చెయ్యి ఖాళీగా ఉండదు కదా. ఏదైనా జరిగితే ఎడమ చేత్తో పద్మావతమ్మను పట్టుకుని నా వెనక్కి తొయ్యాలి, అదే నా పని. రివాల్వరైతే ఒక తూటా పేలకపోయినా ఇంకోసారి నొక్కితే చాలు, పక్క తూటా వస్తుంది. ఒక్క చేత్తో అయిపోతుంది. అందుకని పొట్ట ఉన్నదాన్నే తీసుకున్నాను.

అంగడాయన అది తోలు ఒరలో పెట్టి ఇస్తూ, "ఇది తీసే రోజు నీకు రాకూడదమ్మా" అన్నాడు. అందరికీ అదే చెబుతాడేమో.

దర్జీ దగ్గర కుర్తాలన్నీ ఒక సైజు వదులు చేయించుకున్నాను. మొదటి వారం కారులో కూర్చుంటే కడుపులో ఎవరో మోచేత్తో పొడిచినట్టుండేది. కింద పడినది వంగి తీయడం మానేసి, మోకాళ్ల మీద కూర్చుని తీయడం నేర్చుకున్నాను. ఇంటికి రాగానే బీరువాలో పెట్టి తాళం వేస్తాను, తర్వాతే కాళ్లు కడుక్కుంటాను. భయపడకు.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చుని చదువు.

పోయిన నెలలో ఒక పొద్దున, పదిగంటలప్పుడు, తోటలో ఉన్నాము. పద్మావతమ్మ గేటు దగ్గర నిలబడి డ్రైవరుతో పూల పెట్టెల గురించి మాట్లాడుతోంది. ఒక కారు వచ్చి ఆగింది. నలుగురు దిగారు. ముగ్గురు కారు దగ్గరే ఉన్నారు. ఒకడు మొహానికి టవలు చుట్టుకుని, చేతిలో ఇనుప కడ్డీతో లోపలికి వచ్చాడు. మొదట పూల పెట్టెల మీద కొట్టాడు, తర్వాత మా వైపు తిరిగాడు.

ఎడమ చేత్తో పద్మావతమ్మను వెనక్కి తోశాను. కుడి చెయ్యి కుర్తా కిందికి పోయింది. పిడి పట్టుకున్నాను, బయటికి తీయలేదు. ఎందుకంటే వాడి వెనక పూలు వేరుచేసే షెడ్డు ఉంది. దాని గోడ ప్లాస్టిక్కు పట్టా. లోపల ఎనిమిది మంది ఆడవాళ్లున్నారని నాకు తెలుసు, పొద్దున లోపలికి పోతుంటే చూశాను. అందుకని ఆమెను పట్టుకుని పక్కకు జరిగాను, ఒకటి, రెండు, మూడడుగులు. అప్పుడు వాడి వెనక షెడ్డు పోయి నీళ్ల తొట్టి రాతిగోడ వచ్చింది.

వాడు అరిచాడు: "పక్కకు పోమ్మా, నీతో నాకు పని లేదు."

ఆ గొంతు నాకు తెలుసు. నీ పెళ్లిలో నా పక్కన కూర్చుని తిన్నవాడి గొంతు. నీ మరిది కృష్ణప్పది.

"కృష్ణప్పా," అన్నాను. "కడ్డీ కింద పెట్టప్పా."

వాడు నిలబడిపోయాడు. టవలు పైన కళ్లు మాత్రం కనపడుతున్నాయి. "రత్నమ్మా, నువ్వు ఈడ యాల ఉండావు?" అన్నాడు, ఏదో పెళ్లిలో ఎదురుపడినట్టు.

"ముందు కడ్డీ కింద పెట్టు. తర్వాత చెప్తాను."

కొంచెం సేపు పట్టింది. తర్వాత కింద పడేశాడు. అది చూసి కారు దగ్గర ఉన్న ముగ్గురూ కారెక్కి వెళ్లిపోయారు, వీణ్ని వదిలేసి. వాడు పూల పెట్టెల మధ్య అలాగే కూలబడ్డాడు. ఆడవాళ్లు బయటికి వచ్చి చూస్తున్నారు. ఎవరో నీళ్లిచ్చారు, తాగాడు.

పోలీసులు వచ్చేలోపు పద్మావతమ్మ నన్ను పక్కకు పిలిచింది. "మీవోడే కదమ్మా. ఎవరో తెలీదని రాయించేద్దాము. పొమ్మని చెప్పు," అంది.

ఆమె మంచి మనసుతోనే అంది. నేను ఒప్పుకోలేదు. "ఈరోజు మావోడని వదిలితే, రేపు వచ్చేవాడు ఇంకెవరివోడో అవుతాడమ్మా," అన్నాను. పేరు, తండ్రి పేరు, ఊరు నేనే చెప్పాను, నా చేత్తోనే సంతకం పెట్టాను. మీ ఇంటి పేరు స్టేషనులో రాయించింది నేనే అక్కా. ఇది నువ్వు ఇంకొకరి నోట వినకూడదని ఇంత దూరం రాసుకుంటూ వచ్చాను.

కృష్ణప్ప అన్నీ ఒప్పుకున్నాడు. టెంపో నడిపే పని పోయాక నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్నాడట. బ్రోకరు మనిషి పని ఇప్పిస్తానని పిలిచి, సుమ్నే, ఊరికే పోయి భయపెట్టి రమ్మన్నాడట. పంపింది ఎవరో వీడు చెప్పడంతో ఆ బ్రోకరును పోలీసులు పట్టుకున్నారు. తర్వాత తోట వైపు ఎవరూ రాలేదు. కృష్ణప్పకు బెయిలు దొరికింది. సోమవారం సోమవారం స్టేషనుకు వచ్చి సంతకం పెట్టి పోవాలి. ఇక్కడే ఒక స్నేహితుడి గదిలో ఉంటున్నాడు, ఇంటికి రావడానికీ, మీకు కబురు పెట్టడానికీ మొహం చెల్లక. ఒంటికి దెబ్బ లేదు, తింటున్నాడు. మీ అత్తమ్మకు ఆ మాట ముందు చెప్పు.

పోయిన సోమవారం నేను కూడా స్టేషనుకు వెళ్లాల్సి వచ్చింది. బయట టీ అంగడి దగ్గర నన్ను చూసి వచ్చాడు. గ్లాసు తిప్పుకుంటూ కూర్చున్నాడు.

"నీ నడుముకు తుపాకి ఉండాదంట కదా," అన్నాడు. "ఇనిస్పెక్టరు చెప్పినాడు. ఆ పొద్దు యాల తీయలేదు?"

నేను వాడికి ఇంకో టీ చెప్పాను.

"నాకు తెలుసులే. మా వదిన మొగం చూసి వదిలినావు. ఇంటికి పోయినాక వదిన కాళ్లు పట్టుకుంటాను. ఆమె వల్లే బతికినాను."

అది కాదని అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. వాడి కళ్లలో నీళ్లున్నాయి. టీ తాగించి పంపేశాను. కానీ గదికి వచ్చినప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. వాడు అదే నమ్ముకుని వచ్చి నీ కాళ్ల మీద పడితే, నువ్వూ అదే నమ్ముతావు, బావా నమ్ముతాడు. నా వల్ల మీ ఇంట్లో ఒక ప్రాణం నిలిచిందని జీవితాంతం అనుకుంటారు. అది నిజం కాదు.

నేను మొదట తీయనిది ఆ షెడ్డులోని ఆడవాళ్ల కోసం. పక్కకు జరిగింది తీయడానికి చోటు చేసుకోవడానికి. గొంతు గుర్తుపట్టాను, నిజమే. గుర్తుపట్టిన తర్వాత కూడా నా చెయ్యి పిడి మీదే ఉంది. వాడు ఇంకో రెండడుగులు వచ్చి ఉంటే తీసేదాన్ని, కాల్చేదాన్ని. నీ మరిది అని తెలిసే. తల్లి లేని నన్ను సాకినదానివి, నీ దగ్గర ఇది దాచి నీ ఇంట ముద్ద తినలేను.

వాడు కడ్డీ కింద పెట్టాడు, అందుకే బతికాడు. ఆ మంచి వాడిది, నాది కాదు, నీదీ కాదు. వాడికి అలాగే చెప్పు. కోపం వస్తే రానీ, రెండు నెలలు రాయకపోయినా నేను తప్పుగా అనుకోను. కానీ ఆ తర్వాతైనా ఒక ముక్క రాయి.

పద్మావతమ్మ కృష్ణప్పకు పూల వ్యానుకు డ్రైవరుగా పని ఇస్తానంటోంది. కేసు తేలాక చూద్దామన్నాను. బావ ఏమంటాడో అడుగు. పొద్దున అంచెట్టిలో బస్సు ఎక్కితే మధ్యాహ్నానికల్లా నా గదికి చేరుకోవచ్చు. మోకాలు సహకరిస్తే ఒకసారి వచ్చి నాలుగు రోజులు ఉండు. రెండో మంచం కొన్నాను, ఊరికే పడి ఉంది.

బావకు, మీ అత్తమ్మకు నా దండాలు. మన పెద్దమ్మను అడిగానని చెప్పు. ఈ ఉత్తరం బావకు చదివి వినిపించు. కృష్ణప్ప వచ్చాక ఇంకోసారి, వాడి ముందర, మొదటి నుంచి చదువు.

నన్ను చల్లగా ఉండమని ఒక్క మాట మనసులో అనుకో, చాలు.

నీ చెల్లెలు,
నాగరత్న