రెండు చేతులూ మూసి కుట్టిన చొక్కా

అక్కా,

మెషిన్ మీదున్న చొక్కా ఎవరికీ ఇవ్వకు. చేతుల చివర్లు రెండూ మూసి కుట్టేశాను. కత్తెరలు బీరువాలో పెట్టి తాళమేశాను. తాళంచెవి పక్కింటి పిన్నిగారికిచ్చి, నేనడిగినా ఇవ్వొద్దన్నాను.

మాత్రలు మానేస్తే వేళ్ల బిగుతు పోతుందని బావ అన్నాడని ఒక్కసారిగా మానేశాను. వేళ్లు బాగానే ఆడుతున్నాయి. నిద్రే లేదు. బట్ట లేకపోయినా కాళ్లు పెడల్ తొక్కుతూనే ఉన్నాయి. బావ మాత్రం అన్నం మానినా తన బీపీ మాత్ర మానడు!

ఇక నా వల్ల కావట్లేదు. ఆసుపత్రికి, మా డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. తిడితే పడతాను. మళ్లీ మాత్రలిస్తే చాలు. నువ్వూ అక్కడికే వచ్చెయ్. ఒక్కదాన్నే కూర్చోలేను.

రేడియో ప్లగ్గు పీకేశాను అక్కా. అయినా అది నన్ను పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.