ఉత్తకాళ్ళ బూట్లు

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. ఆదివారాలు మనం పరుగెత్తిన ఖాజాగూడ గుట్టల వైపు నేను మళ్ళీ వెళ్ళలేదు. ఇవాళ బూట్లు కొందామని గచ్చిబౌలిలో ఓ దుకాణానికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి పల్చటి జత చూపించింది.

"మడిమె, కాలి ఏళ్ళు ఒక్కటే ఎత్తుల ఉంటయి సార్. ఉత్తకాళ్ళతోని ఉరికినట్టే."

నాకు నమ్మకం కుదరలేదు. మడిచి చూశాను, అడుగు నొక్కి చూశాను.

"ఉత్తకాళ్ళతోని ఉరికేటోనికి బూట్లెందుకు చెల్లె?"

అచ్చం నీలాగే అడిగానని ఆ తర్వాత తట్టింది.

ఆమె నవ్వింది. "మొదటి నెల నడువున్రి, ఉరకకున్రి సార్. పిక్కలు పట్టేస్తయి."

కొనేవాణ్ణి ముందే హెచ్చరించే అమ్మకం నేనెక్కడా చూడలేదు. ఇందులోనూ ఏదో కిటుకుందని అనుమానిస్తూనే కొన్నాను.

వాటిని తొడుక్కుని అటునుంచి అటే మన గుట్ట ఎక్కాను. ప్రతి రాయీ అరికాలికి తెలిసింది. నువ్వు ముందే చేరి నాకోసం ఆగే బండ వచ్చింది. ఆగకుండా దాటాను.

నీ తమ్ముడు