శ్రీరామ కార్డు

జూన్ 6, 1978, మంగళవారం

మళ్ళీ అదే. హైదరాబాదు కంప్యూటర్ మీద నా ప్రోగ్రాం చక్కగా నడిచింది. అవే చిల్లుల కార్డులు ఇక్కడ మా ఆఫీసు మిషన్‌కి పెడితే ఒకరి పరీక్ష మార్కులు పక్కవాళ్ళకి పోతున్నాయి. ఫస్టు రావాల్సిన పిల్ల ఫెయిలు! ఆఫీసరు రాఘవయ్యగారు లిస్టు నా బల్ల మీద పడేసి, "నీ ప్రోగ్రామే తప్పమ్మా రూతూ" అన్నారు. అందరి ముందూ. ఒళ్ళు మండింది.

7, బుధవారం

కరెంటు హెచ్చుతగ్గులేమో అనుకున్నాను. కాదు. ప్రతి లైనూ మళ్ళీ చదివాను... తప్పుంటే కనబడదా? శనివారం నా పర్మనెంట్ ఆర్డరు మీద సంతకం పెట్టాలి. పెట్టేది రాఘవయ్యగారే.

8, గురువారం

అన్నం సయించలేదు. ప్రార్థన చేస్తానంది అమ్మ. చెయ్యమన్నాను.

9, శుక్రవారం

దొరికింది! నా చేతిలోంచి వెళ్ళాక కార్డుల కట్ట ఎవరు ముట్టుకుంటారని కార్డులకి చిల్లులు పంచ్ చేసే శారదని అడిగాను. నవ్వింది. "సారేనండీ. శ్రీకారం చుట్టందే ఏ పనీ మొదలెట్టరు కదా ఆయన."

పరుగెత్తి చూశాను. కట్ట మీద మొదటి కార్డు — ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీరామ. స్వయంగా పంచ్ చేసి పెడతారట! అంకెలు లేని కార్డుని హైదరాబాదు మిషన్ దాటేస్తుంది. మనది దాన్నీ ఒకరి మార్కులనుకుని సున్నా వేస్తోంది. అక్కణ్ణుంచి అందరి మార్కులూ ఒక్కో మనిషి కిందికి.

ఆయన భోజనానికి వెళ్ళగానే ఆ కార్డు తీసి నడిపాను. లిస్టు సరిగ్గా వచ్చింది. ఏడుపొచ్చింది. తర్వాత భయం. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఎలా చెప్పను? చర్చికెళ్ళే పిల్ల శ్రీరామని తీసేసిందంటే... ఆయన మంచివారే. ఇంటర్వ్యూలో నా పక్షాన మాట్లాడింది ఆయనొక్కరే.

10, శనివారం, ఉదయం

నిన్న సాయంత్రం లిస్టు చూసి రాఘవయ్యగారు మురిసిపోయారు. "సరిదిద్దావన్నమాట! ఆలస్యానికి కారణం నీ ప్రోగ్రాంలో తప్పేనని ఒక్క ముక్క రాసివ్వమ్మా. ఫైల్లో పెట్టి ఆర్డరు మీద సంతకం చేసేస్తా."

సోమవారం ఇంకో కాలేజీ మార్కులు. ఆ ప్రోగ్రాం నాది కాదు, వేలు పెట్టనివ్వరు. ఆయన మళ్ళీ శ్రీకారం చుడతారు.

"నోరు మూసుకుని రాసిచ్చెయ్యవే. పర్మనెంటయ్యాక చెబుదువుగాని" — అమ్మ. అప్పటికి ఎంతమంది పిల్లలు ఏడవాలి?

రాశాను. తప్పు నాదేనని. గుండ్రటి అక్షరాలు. కింద సంతకం చెయ్యడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. నన్ను ఆఫీసుకి తీసుకెళ్ళే రిక్షావాడు వీధిలో బెల్లు కొడుతున్నాడు.