ఒక్కడుగు వెనక్కి

అన్నా,

ఇది నీకు చేరదని తెలుసు. అయినా ఇవాళ జరిగింది ఇంకెవరికీ చెప్పుకోలేను.

కొత్త కెమెరా కొన్నాను. మూడడుగుల దూరంలో ఉన్న మనిషి కూడా స్పష్టంగా పడాలి, షాపులో నేనడిగింది అదొక్కటే. మన పాత డబ్బా కెమెరాకి పదడుగులు కావాలి గదా. అందుకే ఆ రోజు ఎన్నూరులో ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఈకల ఎర కట్టిన గాలం పట్టుకుని నువ్వు నీళ్లలో నిలబడితే, "ఒక్కడుగు వెనక్కి పో అన్నా" అన్నాను. వేశావు. నీ కాలికింద ఇసుక కుంగింది. నీ టోపీ మాత్రం పైకి తేలింది.

కాలేజీలో చేరిన నీ కూతురు కమల ఇవాళ నీ గాలంతో ఆడనే ఫోటో కావాలంది. వద్దనలేకపోయాను. రాయపురం నుంచి బస్సులో వెళ్లాం. నేను కెమెరా తెరిచేలోపే అది మోకాలి లోతుకి దిగిపోయింది.

కెమెరా అద్దంలోంచి చూస్తే గాలం కొస పట్టలేదు. అదే కమలకి చెప్పాను.

"గాలం మొత్తం పడాల చిన్నాయనా! ఇంకా వెనక్కి పోవాల్నా?"



"కదలొద్దు! ఆడనే ఉండు!" అని అరిచాను. ముందుకు రమ్మనడానికీ భయమే, ఇసుక ఎక్కడ కుంగుతుందో ఏం తెలుసు? నేనే గట్టు మీద ఒక్కడుగు వెనక్కి వేశాను. కొసతో సహా గాలమంతా పట్టింది.

అంతే అన్నా. ఆ రోజు కూడా నా వెనక గట్టంతా ఖాళీగానే ఉండింది.

నీ తమ్ముడు